ఫిడేలు మీద ‘ఓ’ అన్న పిలుపు: విజయనగరంలో ఒక కచేరీ, బొబ్బిలి దగ్గర ఒక పాఠం

ప్రేక్షకులకు నమస్కారం. గత శనివారం సాయంత్రం విజయనగరంలో కోటకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న హాలులో జరిగిన సోలో వయొలిన్ కచేరీని గురించి, ఆ తరువాతి సోమవారం అదే కళాకారిణి బొబ్బిలి దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పిల్లలకు చెప్పిన పాఠాన్ని గురించి ఈ వీడియోలో మాట్లాడబోతున్నాను. ఆమె పేరు, కచేరీ వివరాలు తెరమీద కనిపిస్తున్నాయి కనుక నేను మళ్లీ చెప్పను. నేను రెండు చోట్లకూ వెళ్లాను; రెండవదానికి వెళ్లకపోయి ఉంటే మొదటిది నాకు సగమే అర్థమై ఉండేది.

విజయనగరంలో పెద్దవాళ్లు వయొలిన్‌ను ఇప్పటికీ ఫిడేలనే అంటారు, ఫిడేలనగానే ద్వారం వెంకటస్వామినాయుడు గారిని తలచుకుంటారు. 1919లో మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వచ్చిన ఆయన వాద్యాన్ని విన్న ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఈయనకు నేర్పేదేముంది అని ఏకంగా అధ్యాపకుడిగానే నియమించారన్న సంగతి ఈ ఊరిలో సంగీతం తెలియనివారు కూడా చెబుతారు. 1936లో ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. గాయకుడి పక్కన కూర్చుని పాట వెంట నడవడమే పనిగా ఉన్న వాద్యాన్ని వేదిక నడుమకు తెచ్చిన తొలితరం వారిలో ఆయన ముఖ్యులు. వెల్లూరులో 1938లో ఆయన సోలో కచేరీ చేసేనాటికి కళాశాలలో పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నారన్నది నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునే విషయం.

మన కళాకారిణి కూడా ఆ కళాశాలలోనే డిప్లొమా చేశారు. 20 ఏళ్లకు పైగా పక్కవాద్యమే ఆమెకు జీవనం. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా ఉత్సవాలలో, ఆరాధనలలో ఎవరు పాడినా వారి పాటకు తోడుగా వాయించారు. సోలో కచేరీలు మాత్రం ఈ నాలుగైదేళ్లలోనే మొదలుపెట్టారు.

కచేరీ భైరవి రాగంలో, అటతాళంలో ఉన్న ‘విరిబోణి’ అనే వర్ణంతో, అంటే కచేరీ ఆరంభంలో వాయించే తరహా రచనతో, మొదలయింది. 14 అక్షరాల ఆ పెద్ద తాళంలో మొదటి కాలం నిలకడగా నడిచింది కానీ, రెట్టింపు వేగంతో సాగే రెండవ కాలానికి వచ్చేసరికి మైకు ఆమెకు అడ్డుపడింది. వాద్యానికి తగిలించిన చిన్న మైకు పై స్థాయిలో కీచుమంటుంటే, వెనుక వరుసలోని పెద్దాయన ఒకరు చెవులు మూసుకోవడం నేను చూశాను. సౌండ్ చూసుకుంటున్న కుర్రవాడు సెల్‌ఫోనులో మునిగి ఉన్నాడు. చివరకు ఆమే వాయించడం ఆపి, ఆ మైకు తీసి పక్కన పెట్టి, ముందున్న మామూలు మైకును కాస్త దగ్గరకు జరుపుకున్నారు. ధ్వని తగ్గినా కమాను, అంటే ఫిడేలు వాయించే విల్లు, తీగ మీద రాసుకునే సన్నని గరగర కూడా వినిపించసాగింది, నాకు అదే బాగుంది.

అసలు కచేరీ కాంభోజి రాగం ఆలాపనతో, అంటే మాటలూ తాళమూ లేకుండా రాగాన్ని విస్తరించడంతో, మొదలయిందని నేను అంటాను. ఫిడేలుకు వీణలాగా మెట్లు ఉండవు, కనుక ఎడమచేతి వేలు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారేటప్పుడు ఎక్కడా ఆగవలసిన పని లేదు. వాద్యం తలను కుడికాలి మడమ దగ్గర ఆనించి నేలమీద కూర్చునే మన పద్ధతి వలన ఆ చేతికి వాద్యాన్ని మోసే బరువు కూడా తప్పుతుంది. ఆమె ఆ వీలును వేగానికి వాడలేదు. కాంభోజికి సొంత గుర్తయిన ‘సనిపదస’ ప్రయోగంలో, రాగంలో మరెక్కడా మామూలుగా పలకని కాకలి నిషాదం, అంటే కాస్త ఎత్తైన ‘ని’, వచ్చే చోట, వేలిని తీగమీద మోపీ మోపనట్టు ఉంచి దాటించారు. పక్కనున్న నా మిత్రుడు, ఆయన సంగీతం మాస్టారు, మెల్లగా “ఆఁ” అన్నారు; అంతకు మించిన సమీక్ష నేను చేయలేను.

తరువాత అదే కాంభోజిలో త్యాగరాజస్వామి కీర్తన ‘ఓ రంగశాయీ’. ఆ పల్లవిలో ‘ఓ’ అనేది ఒక పిలుపు. ఆమె దానిని కమాను మొదటినుంచి చివరిదాకా ఒకే లాగుడులో వాయించి, ‘రంగశాయీ’ దగ్గర అక్షరానికొక విరుపు ఇచ్చారు. కమాను ఎక్కడ తిప్పాలన్నది సాహిత్యమే నిర్ణయించింది. ‘భూలోక వైకుంఠ మిదియని’ అనే చోట నెరవలు, అంటే అదే పాదాన్ని రకరకాలుగా మళ్లీ మళ్లీ విస్తరించడం, చేస్తున్నప్పుడు హాలులో చాలామంది పెదవులు కదులుతున్నాయి, ఎందుకంటే మాటలు లేని వాద్యంలో కూడా మాట తెగకుండా వినిపిస్తున్నది. గాయకుల నోటివంక చూస్తూ రెండు దశాబ్దాలు వాయించిన చేతికి అబ్బిన విద్య ఇది.

నాకు నచ్చనిది తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం. మృదంగ విద్వాంసుడు సమర్థుడే అయినా, అంత నెమ్మదిగా పరచుకున్న కాంభోజి తరువాత సుమారు పావుగంట లెక్కల విన్యాసం ఆ వాతావరణాన్ని చెదరగొట్టింది. చివర వాయించిన తేలికపాటి రచనలు, జావళి, తిల్లానా, ముచ్చటగా ఉన్నాయి, అంతే.

ఇక సోమవారం. బొబ్బిలి ప్రాంతపు పిల్లలకు తీగవాద్యం కొత్తేమీ కాదు. పక్కనే గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. అందుకే ఏడవ తరగతి పాప ఒకతె లేచి, “ఇదీ పనస కర్రేనా మేడమ్?” అని అడిగింది. కాదమ్మా, పై పలక స్ప్రూస్, వెనుక పలక మేపుల్ అనే చెట్ల కర్ర, అవి చలిదేశాలలో పెరుగుతాయి అని చెప్పి, ఆమె ఆ పాపచేత వాద్యం రెండు వైపులా వేలితో తట్టించి, శబ్దంలో తేడా విన్నావా అని అడిగారు.

ఆ తరువాత, దూరాన పొలంలో ఉన్న స్నేహితుడిని ఎలా పిలుస్తారో చూపించమన్నారు. ఒక కుర్రవాడు సిగ్గుపడుతూనే “ఓ... ఓరప్పన్నో...” అని గొంతెత్తాడు. ఆమె కమాను అందుకుని, అదే సాగదీత, అదే చివరి ఊపు ఫిడేలు మీద పలికించేసరికి తరగతి అంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక, మీ అప్పన్నను మీరు పిలిచినట్టే త్యాగయ్య తన దేవుణ్ణి పిలిచాడు చూడండి అంటూ ‘ఓ రంగశాయీ’ ఎత్తుకున్నారు. పిల్లలు నిశ్శబ్దమయ్యారు. శనివారం నేను కమాను నైపుణ్యమని మెచ్చుకున్నదానికి మూలం ఆ తరగతి గదిలో దొరికింది.

బడులకు వెళ్లినందుకు ఆమె డబ్బు తీసుకోరు, నెలకు రెండు బడులకైనా వెళతారు. కచేరీ సాధన తగ్గదా అని నేను అడిగితే, పిల్లలకు తప్పు వాయించి దాటవేయడం కుదరదు, వాళ్లు మొహం మీదే చెప్పేస్తారని నవ్వారు.

ఇప్పుడు ఆమె అనుమతితో ఆ రెండు ‘ఓ’లను వరుసగా వినిపిస్తున్నాను. మొదటిది బడిలోది, రెండవది హాలులోది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రెండవదానిలో ‘ఓ’ పూర్తయి కమాను వెనుదిరిగే క్షణాన్ని గమనించండి.