నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైండ్-రీప్లేస్ మాక్రో: ఎంత పని చేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

నమస్తే అండి. పీడీఎఫ్ నుంచో వాట్సాప్ నుంచో తెలుగు టెక్స్ట్ కాపీ చేస్తే దాంతోపాటు చెత్త కూడా వస్తుంది. కామా ముందు స్పేస్, పదాల మధ్య మూడేసి స్పేస్‌లు, ఖాళీ లైన్లు. రోజూ ఇదే శుభ్రం చేసేవాళ్లకి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని మాక్రో రికార్డర్, అంటే చేసిన పనుల్ని వరుసగా గుర్తుపెట్టుకుని మళ్లీ నడిపేది, ఎంత పనికొస్తుందో చూద్దాం. ఉచితమే, విండోస్‌కి మాత్రమే.

మాక్రో మెనూలో స్టార్ట్ రికార్డింగ్ నొక్కి, కంట్రోల్ హెచ్ కొట్టండి. సెర్చ్ మోడ్‌ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కి, అంటే ఉన్నదున్నట్టు మాటతో కాకుండా ఒక నమూనాతో వెతికే పద్ధతికి మార్చండి. ర్యాప్ అరౌండ్‌కి టిక్ ఉండాలి. లేకపోతే కర్సర్ ఉన్న చోటి నుంచి కిందకే మారుస్తుంది, పైనున్నదంతా అలాగే ఉండిపోతుంది. ఇన్ సెలెక్షన్‌కి మాత్రం టిక్ ఉండకూడదు. పెద్ద ముక్క సెలెక్ట్ చేసి బాక్స్ తెరిస్తే అది దానంతటదే పడుతుంది, జాగ్రత్త.

మొదటి స్టెప్, కామా ముందు స్పేస్. ఫైండ్‌లో బ్యాక్‌స్లాష్, చిన్న హెచ్, ప్లస్, అంటే ఒకటో అంతకంటే ఎక్కువో స్పేస్‌లు. దాని పక్కనే మామూలు బ్రాకెట్, అందులో స్క్వేర్ బ్రాకెట్, అందులో కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం. రెండు బ్రాకెట్లూ మూసేయండి. రీప్లేస్‌లో డాలర్ 1, అంటే ఆ బ్రాకెట్లో దొరికిన గుర్తు. రీప్లేస్ ఆల్. రెండోది, బ్యాక్‌స్లాష్ హెచ్, ఫ్లవర్ బ్రాకెట్లో 2 కామా, అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ స్పేస్‌లు. రీప్లేస్‌లో ఒక్క స్పేస్. లైను మొదట్లో ఉన్న ఇండెంట్ కూడా దీంతో నలిగిపోతుంది, కాబట్టి ప్రోగ్రామ్ కోడ్ మీద ఈ మాక్రో వాడకండి. మూడోది ఖాళీ లైన్లు: క్యారెట్, బ్యాక్‌స్లాష్ హెచ్, స్టార్, బ్యాక్‌స్లాష్ పెద్ద ఆర్, రీప్లేస్ ఖాళీ. పెద్ద ఆర్ ఎందుకంటే, విండోస్ ఫైల్లో లైను చివర రెండు క్యారెక్టర్లు ఉంటాయి. ఎక్స్‌టెండెడ్ మోడ్‌లో ఉత్త బ్యాక్‌స్లాష్ ఎన్ తీసేస్తే రెండోది పోయి మొదటిది అక్కడే మిగులుతుంది.

ఇక స్టాప్ రికార్డింగ్, సేవ్ కరెంట్ రికార్డెడ్ మాక్రో. పేరు, షార్ట్‌కట్ ఇవ్వండి. బాక్స్‌లో టైప్ చేసి చెరిపినవి రికార్డు కావు, బటన్ నొక్కినప్పుడే ఎక్కుతుంది. అలాగని పొరపాటున నొక్కిన రీప్లేస్ ఆల్ కూడా ఎక్కేస్తుంది మరి! మాక్రో మొత్తం ఒక్క కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వస్తుంది, అది నిజంగా బాగుంది.

బెడిసికొట్టేది ఎక్కడంటే, కామాని కామా-స్పేస్‌గా మార్చే స్టెప్ కూడా చివర్లో కలుపుకుంటే, దాని దగ్గర. మాక్రో రెండోసారి నడిపితే స్పేస్‌లు రెట్టింపవుతాయి, పైగా 1,25,000 కాస్తా మూడు ముక్కలవుతుంది. తెలుగుకి ఇంకో గండం: కనపడని క్యారెక్టర్లన్నీ తీసేద్దామని యూనికోడ్ 200సి, అంటే అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్-జాయినర్, జోలికి వెళ్లకండి. అది పోతే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అయిపోతుంది, వ కూడా వత్తుగా మారి ఫ కిందకి చేరుతుంది. 200బి, అంటే జీరో విడ్త్ స్పేస్, తీసేస్తే ఈ ఇబ్బంది లేదు.

నాకు నచ్చనిది, ఒక స్టెప్ మార్చాలంటే మెనూలో దారి లేకపోవడం. యాప్‌డేటా, రోమింగ్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఫోల్డర్‌లో మాక్రోలు ఉండే షార్ట్‌కట్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు తెరవాల్సిందే. జూమ్ చేస్తున్నా, చూడండి. ఒక్కో రీప్లేస్‌కి ఆరు లైన్లు. 1601 ఉన్న లైన్లో వెతికే మాట, 1602లో కొత్త మాట. 1625 పక్కన 2 ఉంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, 0 అయితే నార్మల్. 1702 దగ్గర 768 కనిపిస్తోందా? అందులో 256 ర్యాప్ అరౌండ్‌ది, 512 కిందికి వెతకడానిది. 512 ఒక్కటే ఉంటే ర్యాప్ లేకుండా రికార్డు చేశారన్నమాట. మళ్లీ మొదటి నుంచి రికార్డు చేయక్కర్లేదు, 768 అని దిద్దితే చాలు. మాటల్లో లెస్-దేన్ గుర్తో యాంపర్సాండో ఉంటే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాయాలి, లేదంటే ఫైలే చెడిపోతుంది.

ఈ ఫైలుని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మూసేసి, మామూలు నోట్‌ప్యాడ్‌లో దిద్దండి. తెరిచి ఉండగా దిద్దితే, అది మూసుకునేటప్పుడు మీ మార్పు మీద పాతది రాసేసే ప్రమాదం ఉంది. దిద్దేముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. వేరే కంప్యూటర్లో ఇవే మాక్రోలు కావాలన్నా ఆ కాపీయే అక్కడి ఫోల్డర్లో వేస్తే సరి, కాకపోతే అక్కడ ముందే ఉన్న మాక్రోలు పోతాయి.