మనిషి నీళ్లలో పెరిగాడా? నీటికుక్కను చూస్తే తెలుస్తుంది

"మన ఒంటి మీద బొచ్చు ఎందుకు లేదు? ఒకప్పుడు నీళ్లలో బతికాం కాబట్టి." ఈ జవాబు విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది, కానీ తప్పు. ఎక్కడ తప్పో చూద్దాం.

ఈ ఊహను 1960 మార్చిలో బ్రైటన్‌లో డైవర్ల సభలో చెప్పింది అలిస్టర్ హార్డీ, పేరున్న సముద్ర జీవశాస్త్రవేత్త. 1972 నుంచి దాన్ని జనంలోకి తీసుకెళ్లింది వేల్స్ రచయిత్రి ఎలేన్ మోర్గాన్. నున్నటి చర్మం, దాని కింద కొవ్వు, రెండు కాళ్ల నడక, అన్నిటికీ నీళ్లే కారణమన్నారు. ఒకే కారణంతో ఇన్ని చిక్కులు విడిపోతాయంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది.

ఇప్పుడు మీ చిటికెన వేలి గోరు చూడండి. ఇంచుమించు ఒక చదరపు సెంటీమీటరు. సముద్రపు నీటికుక్క, అదే సీ ఆటర్, ఒంటి మీద అంత చోటులో లక్షకు పైగా వెంట్రుకలు ఉండగలవు. మన తల మొత్తం మీద ఉండేవే సుమారు లక్ష!

అంత బొచ్చు దేనికి? గాలి కంటే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ వెంట్రుకలు గాలిని పట్టి ఉంచుతాయి కాబట్టి చన్నీళ్లు చర్మానికి తగలవు. చమురు తెట్టు అంటుకుంటే వెంట్రుకలు ముద్దకట్టి, గాలి పోయి, నీళ్లు లోపలికి దిగుతాయి. అప్పుడు ఆ జంతువు చలికే చచ్చిపోతుంది. బొచ్చులో గాలి నిలవడానికే అది రోజులో గంటల తరబడి బొచ్చు దువ్వుకుంటూనే ఉంటుంది.

మరి తిమింగలానికి బొచ్చు లేదుగా అంటారు. దాని పరిమాణం చూడండి. ఒళ్లు పెరిగేకొద్దీ, బరువుతో పోలిస్తే వేడి పోయే చర్మం తగ్గుతుంది. పైగా మందపాటి కొవ్వు పొర. మగ నీటికుక్క 45 కిలోల దాకా తూగుతుంది, అంటే మనకు దగ్గర. ఆ సైజులో నీళ్లలో బతకాలంటే బొచ్చు ఉంచుకోవడమే మేలు. బొచ్చు లేకపోవడం నీటికి గుర్తే అయితే ఏనుగు సంగతేమిటి?

మన చర్మానికి అసలు జోడీ చెమట. 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి మనకు. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకాలరీల వేడి పోతుంది. అది ఆరాలంటే గాలి కావాలి, బొచ్చు అడ్డు రాకూడదు. నీళ్లలో మునిగినవాడికి చెమట దేనికి?

కొవ్వు విషయంలోనూ నీటికుక్కే సాక్షి, దానికి మందపాటి కొవ్వు పొరే లేదు. మన పసిబిడ్డ పుట్టేటప్పుడు బరువులో సుమారు 15 శాతం కొవ్వు. వేగంగా ఎదిగే మెదడుకు అది నిల్వ.

టైమ్ దగ్గరపడింది, నీళ్ల ఊహకు రుజువులుగా చూపే మిగతావాటి సంగతి గబగబా చెప్పేస్తాను. గొంతులో స్వరపేటిక కిందికి దిగడం మగ ఎర్రజింకల్లోనూ ఉంది. నీళ్లలో మునిగితే గుండె నెమ్మదించడం నేల మీద తిరిగే ఎలుకల్లోనూ ఉంది. రెండు కాళ్ల నడకకు ఆధారాలున్న ఆర్డిపిథెకస్ అనే మన ప్రాచీన బంధువు 44 లక్షల ఏళ్ల నాటిది, దొరికింది చెట్లున్న అడవుల్లో బతికే జంతువుల శిలాజాలతో కలిసి.

నీళ్ల పాత్రే లేదని మాత్రం అనుకోకండి. కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గర 19.5 లక్షల ఏళ్ల కిందటే చేపలు, తాబేళ్లు, మొసళ్లను కోసుకు తిన్న గుర్తులున్నాయి. దక్షిణాఫ్రికాలోని పినకిల్ పాయింట్‌లో 1,64,000 ఏళ్ల కిందట నత్తగుల్లలు తిన్నారు. ఒడ్డున తినడం వేరు, నీళ్లలో కాపురం వేరు. ఈ రెండూ కలిపేయడం దగ్గరే గందరగోళమంతా.

నీటి వల్ల మనిషి నిజంగా మారిన చోటు చూడాలంటే ఇండోనేషియాలోని బజావులను చూడండి. తరతరాలుగా దమ్ము బిగబట్టి మునిగి చేపలు పట్టేవాళ్లు. 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం వాళ్ల ప్లీహం (కడుపులో ఎడమ పక్కనుండే స్ప్లీన్ అనే అవయవం) నేల మీద బతికే పొరుగు తెగ సలువాన్ల కంటే సుమారు 50 శాతం పెద్దది. మునిగినప్పుడు అది ముడుచుకుని ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలను నెత్తురులోకి వదులుతుంది. ఎప్పుడూ మునగని బజావుల్లోనూ అది పెద్దగానే ఉంది, అంటే సాధనతో వచ్చింది కాదు. చర్మం మాత్రం మన చర్మమే.