పాలు పడ్డాయా అని అడగండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో ఆదోని నుంచి, పత్తికొండ నుంచి బస్సులెక్కి కర్నూలుకు వచ్చిన ఆశా అక్కలకు, నర్సులకు ముందుగా కృతజ్ఞతలు. హార్మోన్ల జబ్బుల మీద మాట్లాడమన్నారు. షుగర్ గురించి, థైరాయిడ్ గురించి మీరు చాలాసార్లు వినే ఉంటారు. నేను ఈ రోజు ఒకే ఒక్క జబ్బు గురించి చెబుతాను. దాని పేరు షీహాన్ సిండ్రోమ్. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, అడగాల్సిన ప్రశ్న గుర్తుంటే చాలు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో పడమటి పల్లెల నుంచి ఒకావిడ వచ్చింది. వయసు ముప్పై అయిదు, చూస్తే యాభై దాటినట్టుంది. ముఖం పాలిపోయి, కళ్ళ చుట్టూ సన్నటి ముడతలు. 'ఎండాకాలంలో గూడా కంబళి కప్పుకుంటా మేడమ్, బిందె ఎత్తేకి చేత గాదు' అంది. రక్తం తక్కువగా ఉంది. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష ఒక్కటే చేయించాను, నార్మల్ వచ్చింది. ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపాను.

రెండేళ్ళకు ఆమెను స్పృహ లేని స్థితిలో మోసుకొచ్చారు. మూడు రోజులు వాంతులు, విరేచనాలట. బీపీ పడిపోయింది, రక్తంలో షుగర్ పడిపోయింది, సోడియం ప్రమాదకరంగా తగ్గింది. సెలైన్ పెడుతుంటే పక్కన నిలబడ్డ అత్త అంది: 'చిన్నోడు పుట్టినప్పుడు ఈమెకు రక్తం శానా పోయింది మేడమ్. మాయ పడలేదు. బతుకుతాదనుకోలేదు. ఒక్క చుక్క పాలు రాలేదు, మేకపాలు పోసి పెంచినాం.' ముట్టు కూడా ఆ కాన్పుతోనే నిలిచిపోయిందట. ఇంక పిల్లలు వద్దు కదా, పీడ పోయిందనుకున్నారు.

ఈ మాటలు రెండేళ్ళ ముందే నేను అడిగి ఉంటే చెప్పేవాళ్ళు. నేనూ ఇద్దరు బిడ్డలను కన్నదాన్నే, అయినా అడగలేదు. ఆ రాత్రి స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని గంటలకు ఆమె కళ్ళు తెరిచింది. ఆ రోజు నుంచి నీరసం అని వచ్చిన ప్రతి తల్లినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: కాన్పు తర్వాత పాలు పడ్డాయా?

ఇప్పుడు ఆమె ఒంట్లో ఏం జరిగిందో చెబుతాను. మెదడు కింద, పుర్రె అడుగు ఎముకలోని చిన్న గుంటలో శనగగింజంత గ్రంథి ఉంటుంది. బరువు అర గ్రాము. అదే పిట్యూటరీ. మన బడి పుస్తకాల్లో దాన్ని పీయూష గ్రంథి అన్నారు. పీయూషం అంటే అమృతం అనే కాదు, ఈనిన ఆవు తొలిపాలు, మన జున్నుపాలు కూడా. పేరు పెట్టినవాళ్ళు ఏ అర్థంలో పెట్టారో గానీ, తల్లికి పాలు పడటానికి కావాల్సిన ప్రొలాక్టిన్ ఇక్కడే తయారవుతుంది. ముట్టును నడిపే హార్మోన్లు, థైరాయిడ్‌ను, అడ్రినల్ గ్రంథులను పని చేయించే హార్మోన్లు కూడా ఇక్కడివే.

గర్భం వచ్చాక, పాల కోసం సిద్ధమవుతూ ఈ గ్రంథి పెరుగుతుంది. పెరిగినదానికి రక్తం కూడా ఎక్కువ కావాలి. సరిగ్గా అదే సమయంలో, కాన్పులో రక్తం విపరీతంగా పోయి బీపీ పడిపోతే, గ్రంథి ముందు భాగానికి రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. తల్లి బతుకుతుంది. గ్రంథి మాత్రం తిరిగి కోలుకోదు. దెబ్బ పూర్తిగా తగలకపోతే కొందరికి పాలు కొద్దిగా వస్తాయి, ముట్టు వస్తుంది, అరుదుగా మళ్ళీ గర్భం కూడా నిలుస్తుంది. అందుకే పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా జబ్బు బయటపడకుండా ఉండిపోతుంది.

మరి టీఎస్‌హెచ్ ఎందుకు నార్మల్ వచ్చింది? నన్ను మోసం చేసింది అదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. కేసీ కెనాల్ కిందో, తుంగభద్ర దిగువ కాలువ కిందో సేద్యం చేసే ఇళ్ళవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. తూము దగ్గర లస్కర్ ఉంటాడు. పొలానికి నీళ్ళు చాలకపోతే షట్టర్ ఇంకొంచెం ఎత్తుతాడు. పిట్యూటరీ ఆ లస్కర్, థైరాయిడ్‌ను పని చేయించడానికి అది పంపే హార్మోన్ టీఎస్‌హెచ్ ఆ షట్టర్, పొలంలో పారే నీళ్ళు థైరాయిడ్ హార్మోన్. మామూలు థైరాయిడ్ జబ్బులో పాడయ్యేది పిల్లకాలువ. నీళ్ళు రావడం లేదని లస్కర్ షట్టర్ ఎత్తుతూనే పోతాడు, టీఎస్‌హెచ్ పెరుగుతుంది, జబ్బు దొరుకుతుంది. షీహాన్‌లో లేనిది లస్కరే. పొలం ఎండుతున్నా షట్టర్ ఎత్తేవాడు లేడు. షట్టర్ ఒక్కటే చూసి వచ్చినవాడు అంతా బాగుందంటాడు. పొలంలో నీళ్ళు చూడాలి, అంటే థైరాయిడ్ హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష చేయించాలి. టీ4 తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే అది నార్మల్ రిపోర్టు కాదు.

పొద్దున ఎనిమిది గంటలకు అడ్రినల్ గ్రంథుల హార్మోన్ కార్టిసాల్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, ముట్టును నడిపే హార్మోన్లలో ఒకటైన ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా చూస్తాం. ముట్టు ఆగిపోయిన యాభై అయిదేళ్ళ మనిషికి ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉండాలి. తక్కువగా ఉంటే పిట్యూటరీని అనుమానించాల్సిందే. ఎంఆర్‌ఐలో చాలామందికి ఆ ఎముక గుంట ఖాళీగా కనిపిస్తుంది.

వైద్యం రెండు మాత్రలతో మొదలవుతుంది: కార్టిసాల్‌కు బదులు హైడ్రోకార్టిసోన్ లేదా ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్, తర్వాత థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్. వరుస మార్చకూడదు. స్టీరాయిడ్ లేకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్ కూడా ఖర్చయిపోయి మనిషి కూలిపోవచ్చు. ఈ రెండు మందుల వెనక ఒకే శాస్త్రవేత్త ఉన్నాడు, ఎడ్వర్డ్ కెండాల్. 1914లో జర్మనీలో సిమ్మండ్స్ అనే వైద్యుడు పిట్యూటరీ నాశనమై మనిషి చిక్కి చనిపోవడాన్ని వర్ణించాడు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను వేరు చేశాడు. 1937లో బ్రిటన్‌కు చెందిన హెరాల్డ్ షీహాన్, కాన్పు తర్వాత చనిపోయిన తల్లుల శరీరాలను పరీక్షించి, రక్తస్రావానికీ ఈ గ్రంథి చావుకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. కార్టిసాల్ జాతిదే అయిన కార్టిసోన్ మీద పనికి కెండాల్‌కు మరో ఇద్దరితో కలిపి 1950లో నోబెల్ వచ్చింది. షీహాన్ పరీక్షించిన ఆ తల్లుల వల్లనే మనకీ జబ్బు తెలిసింది. దీన్ని నేను ఎప్పుడూ మరిచిపోను.

పరిశోధన అంటే మన ఊళ్ళలో భయం ఉంది. 'మా మీద ప్రయోగాలు చేస్తారా?' అంటారు. కొత్త మందు ఇచ్చి చూడటం ఒక రకం. అలాంటి ప్రయోగాలను ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి. తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి, ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకుంటే మామూలు వైద్యం ఆగకూడదు. ఇంకో రకంలో మందే ఉండదు, అడిగి, పరీక్షించి లెక్క రాసుకోవడమే. కశ్మీర్‌లో వైద్యులు అలాగే చేసి 2005లో ప్రచురించారు: ఇరవై ఏళ్ళు దాటిన తల్లుల్లో నూటికి సుమారు ముగ్గురికి షీహాన్ ఉన్నట్టు తేలింది, వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇంట్లో కాన్పయినవాళ్ళే. ఆ లెక్క తెచ్చి కర్నూలుకు అతికించడం సరికాదు. మన లెక్క మనమే తీయాలి.

ఇప్పుడు కాన్పులు ఆసుపత్రుల్లో అవుతున్నాయి, బిడ్డ పుట్టగానే రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్ ఇస్తున్నారు, 108 వస్తోంది. 108 మనకు వచ్చింది 2005లో. అంతకు ముందు మంత్రసాని చేతిలో, ఎద్దుల బండిలో కన్న తల్లులు ఇప్పుడు యాభై దాటి మీ ఊళ్ళలోనే ఉన్నారు. మీ రిజిస్టర్‌లో బాలింతలు ఉంటారు, వీళ్ళు ఉండరు. బీపీ, షుగర్ చూడటానికి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు మాటలు అడగండి: కాన్పులో రక్తం బాగా పోయిందా, పాలు పడ్డాయా, తర్వాత ముట్టు వచ్చిందా. జవాబులు అనుమానంగా ఉంటే నా దగ్గరికైనా, ప్రభుత్వ ఆసుపత్రికైనా పంపండి. మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టవద్దు.

మాత్రలు వాడుతున్నవాళ్ళకు ఒక నియమం. జ్వరమొస్తే స్టీరాయిడ్ మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్‌కు పరిగెత్తాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. మొదట చెప్పిన ఆవిడ మిరపకోతలకు ఏటా గుంటూరు వైపు పోతుంది. పోయేముందు మూడు నెలల మాత్రలు లెక్కపెట్టి తీసుకుంటుంది. ఈ నియమం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు ఒకటి చేసిచ్చాను. ఒకసారి అక్కడ జ్వరమొచ్చి వాంతులు మొదలైతే, పక్కన కాయ కోస్తున్న అమ్మాయి ఆ కార్డు పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది, టైముకు ఇంజెక్షన్ పడింది. ఈసారి వచ్చినప్పుడు చెమటకు తడిసి అక్షరాలు చెరిగాయని కొత్త కార్డు అడిగింది, ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇచ్చాను. మీలో ఎవరికి ఆ కార్డులు కావాలన్నా బయట బల్ల మీద ఉన్నాయి, తీసుకువెళ్ళండి.