జాక్సన్ హైట్స్‌లో నవీకరించిన పాత అపార్ట్‌మెంట్: కొనే ముందు ఏమేం పరిశీలించాలి

నమస్కారం. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్ చారిత్రక ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన ఒక రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌ను ఈ వీడియోలో గదిగదికీ తిరిగి చూద్దాం. 1920లలో కట్టిన ఈ ఆరంతస్తుల భవనాన్ని ఇక్కడి బ్రోకర్లు ప్రీవార్ అంటారు, అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినదని అర్థం. ఇల్లంతా కొత్తగా బాగుచేశామని ప్రకటనలో రాశారు. ఆ పని పైపై మెరుగుల దగ్గర ఆగిందా, గోడల లోపలి వైర్ల దాకా, పైపుల దాకా వెళ్లిందా అన్నది తేల్చుకోవడమే మన పని.

ముందు వీధి సంగతి చూద్దాం. 1909లో క్వీన్స్‌బరో వంతెన తెరిచారు, 1917లో పైవంతెన రైలు ఇక్కడి దాకా వచ్చింది. ఆ రోజుల్లో ఎడ్వర్డ్ మెక్‌డూగల్ నాయకత్వంలోని క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఇక్కడి పొలాలను కొని, వీధుల అంచున వరుసగా భవనాలు కట్టి, మధ్య స్థలాన్ని తోటలకు వదిలిపెట్టింది. అందుకే వీధిలో నడిచేవారికి చెట్ల నీడే తప్ప అసలు తోట కనిపించదు. ఈ పడకగది కిటికీలోంచి చూడండి, ఆ పచ్చదనం ఇంటి ధరలో కలిసే ఉంటుంది. కాబట్టి తోటలోకి వెళ్లే హక్కు ఎవరికి ఉంది, పిల్లలు అక్కడ ఆడుకోవచ్చా, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నవి ముందే అడగాలి. తోటను కిటికీలోంచి చూడడానికే తప్ప కాలు పెట్టడానికి అనుమతించని భవనాలు కూడా ఉంటాయి. ఒకప్పుడు యూదులను, నల్లజాతివారిని రానివ్వని పేట ఇది. 1965 వలస చట్టం తరువాత ఇక్కడి మనుషులు మారారు, ఇప్పుడు 74వ వీధిలో చీరల దుకాణాలు, బంగారం కొట్లు, మన పప్పులూ చింతపండూ దొరికే కిరాణాలు ఉన్నాయి.

ఇక లోపలికి వద్దాం. కమాను ద్వారాలు, ఎత్తైన పైకప్పు, కొత్తగా పాలిష్ పెట్టిన ఓక్ చెక్క నేల చూడగానే మనసు మెత్తబడుతుంది, అమ్మేవారికి కావలసిందీ అదే. మీరు మాత్రం వేలి కణుపులతో గోడల మీద తట్టుకుంటూ నడవండి. పాత ప్లాస్టర్ గోడ గట్టిగా, బరువుగా పలుకుతుంది. జిప్సం బోర్డు బోలుగా మోగుతుంది. బోలుగా మోగిన చోట గోడను ఎప్పుడో విప్పారని, లోపలి వైర్లను, పైపులను మార్చే అవకాశం అప్పుడు దొరికిందని అనుకోవచ్చు. ఇంటి నిండా పాత ప్లాస్టరే ఉండి, వైరింగ్ మొత్తం కొత్తదని చెబుతుంటే, గోడ పగలగొట్టకుండా ఎలా మార్చారో అడగండి, ఎలక్ట్రీషియన్ ఇచ్చిన కాగితాలు చూపమనండి.

తలుపు పక్కనున్న ఈ బ్రేకర్ పెట్టె మూత తీసి, ప్రధాన స్విచ్ మీది అంకె చదవండి. ప్రతి గదికీ ఏసీ, వంటింట్లో ఓవెన్, డిష్‌వాషర్ పెట్టుకోవాలంటే అరవై ఆంపియర్లు సరిపోవడం కష్టం. దాన్ని పెంచడం మీ ఒక్కరి చేతిలోనూ ఉండదు, ఎందుకంటే కింది నుంచి మీ అంతస్తు దాకా వచ్చే భవనపు కేబుల్ ఎంత భారం మోయగలదో అంతవరకే మీకు దక్కుతుంది.

ఇప్పుడు రేడియేటర్ దగ్గర కొంచెంసేపు ఆగుదాం, నవీకరణలో తరచుగా చెడేది ఇదే. ఒకే పైపు ఉన్న ఆవిరి రేడియేటర్‌లో బాయిలర్ నుంచి ఆవిరి ఏ పైపులో పైకి వస్తుందో, చల్లబడి నీరైన తరువాత అదే పైపులో కిందికి దిగాలి. అందుకే రేడియేటర్ వాల్వు వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. నేలకు పాలిష్ పెట్టేటప్పుడో, కొత్త చెక్క పరిచేటప్పుడో దీన్ని లేపి పక్కన పెట్టి, మళ్లీ బిగించేటప్పుడు ఆ వాలును పట్టించుకోకపోతే, నీరు లోపలే నిలిచి, శీతకాలం అర్ధరాత్రి వేడి ఆవిరి దాన్ని గుద్దినప్పుడల్లా సుత్తితో కొట్టినట్టు మోత వస్తుంది. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి తెచ్చి ఇలా పైన పెట్టి చూడండి: ఈ గదిలో బుడగ వాల్వుకు ఎదురు కొసకు జరిగింది, అంటే ఆ కొస ఎత్తుగా ఉంది, వాలు సరిగ్గానే ఉంది. పడకగదిలో బుడగ వాల్వు వైపే నిలిచింది, అంటే వాలు తిరగబడింది. కాళ్ల కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోయే మరమ్మతే ఇది, కానీ పని చేసినవారి శ్రద్ధ ఏపాటిదో దీన్నిబట్టి తెలిసిపోతుంది. వాల్వును సగం తెరిచి వేడి తగ్గించుకుందామనుకోకండి, అది పూర్తిగా తెరిచి గానీ పూర్తిగా మూసి గానీ ఉండాలి.

వంటింట్లో పొయ్యి పైనున్న హుడ్‌ను చూసి సంబరపడకుండా, దాని పై అల్మరా తలుపు తీయండి. బయటికి పోయే గొట్టం కనిపించకపోతే, ఆ యంత్రం పొగను పీల్చి, జల్లెడ పట్టి, మళ్లీ మీ ముఖం మీదికే వదులుతుంది. ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ గొట్టం లేదు, కిటికీ ఒకటి ఉంది, అది కొంత మేలు. గ్యాస్ గురించి కూడా అడగండి. 2016 నాటి 152వ నగర చట్టం ప్రకారం భవనాల గ్యాస్ పైపులను నిర్ణీత కాలానికి ఒకసారి తనిఖీ చేయించాలి. లీకు బయటపడి సరఫరా ఆపేస్తే, మళ్లీ రావడానికి నెలలు పట్టవచ్చు.

రెండో స్నానాల గది కొత్తగా వచ్చిందని ప్రకటన గొప్పగా చెబుతోంది. పాత భవనాల బోర్డులు, అంటే భవనాన్ని నడిపే కమిటీలు, చాలావరకు కింది ఇంటివారి పడకగది, హాలు వంటి పొడి గదుల మీద కొత్తగా స్నానాల గదిని గానీ వంటింటిని గానీ కట్టనివ్వవు. కాబట్టి దీనికి బోర్డు అనుమతి పత్రం, నగర భవనాల శాఖ పర్మిట్, పని పూర్తయినట్టు ముగింపు పత్రం మూడూ ఉన్నాయో లేదో మీ అటార్నీ చేత చూపించుకోండి. కిటికీల విషయం కూడా ఇలాంటిదే. 1993లో ఈ ప్రాంతాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు కనుక, వాటిని మార్చాలంటే సాధారణంగా చారిత్రక కట్టడాలను కాపాడే నగర సంస్థ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి.

న్యూయార్క్ నగరం ఇళ్లలో సీసం కలిసిన రంగులను 1960లోనే నిషేధించింది, దేశమంతటా ఆ నిషేధం 1978లో వచ్చింది. ఈ భవనం అంతకు ఎంతో ముందుది కాబట్టి, కొత్త రంగు కింద సీసపు పొరలు ఉన్నాయనే అనుకోవాలి. చిన్నపిల్లలున్నవారు కిటికీ చట్రాలు రాచుకునే అంచులను ప్రత్యేకంగా చూడాలి, రంగు పొడిగా రాలేది అక్కడే. సీసం పరీక్ష చేయించుకోవడానికి సమాఖ్య చట్టం కొనేవారికి సాధారణంగా పది రోజుల గడువు ఇస్తుంది, దాన్ని వదులుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇంటికంటే ఎక్కువగా చదవవలసినవి కాగితాలు. ఇది కో-ఆప్ కనుక మీరు కొనేది ఇంటి గోడలను కాదు, భవనానికి యజమాని అయిన సంస్థలో వాటాలను, వాటితోపాటు ఈ ఇంట్లో ఉండే లీజును. నెలవారీ మెయింటెనెన్స్‌లో ఆస్తి పన్ను, వేడి, వేడినీరు, సిబ్బంది జీతాలు, భవనం మీద బ్యాంకుకున్న అప్పు వాయిదాలు కలిసి ఉంటాయి. ఆ అప్పు ఎంత, ఎప్పుడు తీరుతుంది, మళ్లీ తీసుకుంటే వడ్డీ ఎంత పెరగవచ్చు అన్నవి లెక్కల పుస్తకంలో చూడాలి. రెండు మూడేళ్ల బోర్డు సమావేశాల మినిట్స్, అంటే అక్కడ జరిగిన చర్చల రాతలు, చదివితే కప్పు కారుతోందా, బాయిలర్ మార్చాలా, పక్కింటివారితో వ్యాజ్యం నడుస్తోందా అన్నవన్నీ బయటపడతాయి. ఆరంతస్తులు దాటిన భవనాల ముఖభాగాన్ని ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించాలని నగర చట్టం చెబుతుంది. ఈ భవనానికి ఆరే అంతస్తులు కాబట్టి ఆ నిర్బంధం లేదు, అందుకే ఇటుక గోడలను చివరిసారి ఎప్పుడు బాగుచేశారో మనమే అడగాలి. భవనం ఇరవై అయిదు వేల చదరపు అడుగులు దాటితే 2019 నాటి 97వ నగర చట్టం కింద కర్బన ఉద్గారాలకు 2024 నుంచి పరిమితి ఉంది, 2030 నుంచి అది ఇంకా బిగుస్తుంది. పాత ఆయిల్ బాయిలర్ ఉన్న భవనానికి ముందు ముందు ఖర్చు తప్పకపోవచ్చు.

భవనపు నియమావళిలో మనవాళ్లకు అవసరమయ్యే మాటలు కొన్ని ఉంటాయి. నేలలో ఎనభై శాతం తివాచీతో కప్పాలన్న నియమం చాలా భవనాల్లో ఉంటుంది, కాబట్టి ఆ మెరిసే ఓక్ నేలలో ఎంతమేర కంటికి కనిపిస్తుందో ముందే లెక్కేసుకోండి. మీరు ఇండియాకు వెళ్లినప్పుడు ఇల్లు అద్దెకివ్వవచ్చా, మీరు లేనప్పుడు అమ్మానాన్నలు వచ్చి ఉండవచ్చా అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది.

ఒప్పందం మీద సంతకం పెట్టిన తరువాత మీ జీతం పత్రాలు, పన్ను రిటర్నులు, బ్యాంకు లెక్కలు, పరిచయస్థుల లేఖలు కలిపి బోర్డుకు ఇవ్వాలి, ఆ పైన ఇంటర్వ్యూ ఉంటుంది. బోర్డు కారణం చెప్పకుండానే కాదనవచ్చు, అయితే జాతి, మతం, పుట్టిన దేశం వంటివాటిని బట్టి కాదనడం చట్టవిరుద్ధం. అందువల్ల బోర్డు ఒప్పుకోకపోతే డిపాజిట్ తిరిగి రావాలన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి, ఆమోదం లేఖ చేతికొచ్చేదాకా ఇప్పుడుంటున్న అద్దె ఇంటికి నోటీసు ఇవ్వకండి.