ఎంత త్వరగా ఆరుతుంది? కార్టెన్ జాలీలు, మన వాతావరణాలు

అందరికీ నమస్కారం.

మనం ఇళ్లకు జాలీలుగా, అంటే రంధ్రాల తెరలుగా, కోసి పెట్టే కార్టెన్ ఉక్కువి అరచేయంత ముక్కలు రెండు ఈ బల్ల మీద ఉన్నాయి. మూడేళ్ల క్రితం 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒకే రేకు నుంచి కోసినవి. ఒకటి హైదరాబాద్‌లో మా పిట్టగోడకు వేలాడింది. రెండోది విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక మిత్రుడి బాల్కనీలో వేలాడింది. మొదటిదాన్ని తెల్ల రుమాలుతో తుడవండి, రుమాలు దాదాపు తెల్లగానే ఉంటుంది. చింతగింజ రంగు, చేతికి సన్నని గరుకు. రెండోదాన్ని గోటితో గీకితే చేప పొలుసంత పెచ్చు ఊడుతుంది. దాని కింద మళ్లీ నారింజ రంగు పచ్చి తుప్పు. ఉక్కు ఒకటే, తగిలిన గాలి వేరు.

పైన పట్టిన తుప్పే కాపుగా మారే, కార్టెన్ అని మనం పిలిచే ఈ ఉక్కును అమెరికాలో యు.ఎస్. స్టీల్ సంస్థ 1930లలో తెచ్చింది. మొదట బొగ్గు మోసే రైలు వ్యాగన్లకు వాడారు. మన రైల్వేలో కూడా ఈ జాతి ఉక్కుతో వ్యాగన్లు తయారవుతున్నాయి. భవనానికి పైతొడుగుగా పేరు తెచ్చింది మాత్రం ఇలినాయ్ రాష్ట్రం మొలీన్‌లో ఈరో సారినెన్ రూపొందించిన జాన్ డీర్ ప్రధాన కార్యాలయం. అది 1964లో పూర్తయింది.

ఈ ఉక్కులో కాస్త రాగి, క్రోమియం, నికెల్ ఉంటాయి, కొన్ని రకాల్లో భాస్వరం కూడా. మామూలు ఇనుముకు పట్టే తుప్పు గుల్లగా ఉండి తేమను లోపలికి పోనిస్తుంది. దీని తుప్పు దట్టంగా గట్టిపడి లోహాన్ని కరచుకుంటుంది. అయితే ఉక్కు తడవాలి, పూర్తిగా ఆరాలి, మళ్లీ తడవాలి, మళ్లీ ఆరాలి. కొన్నేళ్లపాటు అలా జరిగితేనే ఆ పొర కుదురుకుంటుంది. ఆరడమే లేకపోతే అది ఉత్త తుప్పు. ఢిల్లీ ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా నిలవడంలో భాస్వరం పాత్రను ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉండే అక్కడి గాలి కూడా దానికి కలిసొచ్చింది.

ఆరకపోతే ఏమవుతుందో అట్లాంటా చూపించింది. మన తెలుగువారు ఎంతోమంది ఉన్న ఊరే అది. 1972లో అక్కడ తెరిచిన ఓమ్ని క్రీడా మందిరానికి ఈ ఉక్కే తొడిగారు. ఆ ఊరి ఉక్కపోతలో తుప్పు ఆగలేదు. మనుషులు దూరేంత కన్నాలు పడితే చుట్టూ కంచె వేయాల్సి వచ్చింది. 1997లో భవనాన్నే కూల్చేశారు.

మన ఊళ్ల సంగతికి వస్తాను. హైదరాబాద్ దీనికి బాగా నప్పే చోటు. వాన వస్తుంది, వెంటనే ఎండ కాస్తుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కాబట్టి అక్కడ ఉక్కుకు హాని లేదు, తుప్పు రంగు మాత్రం చాలా నెమ్మదిగా ఏర్పడుతుంది. ఇంటివారు తొందరపడితే పొద్దున నీళ్లు చల్లి, ఎండకు ఆరనిచ్చి, మర్నాడు మళ్లీ చల్లండి. అంతకంటే ముందు రేకు తయారీలోనే దాని మీద ఏర్పడే మిల్లు పొరను ఇసుక బ్లాస్టింగ్‌తో, అంటే ఇసుకను వేగంగా చిమ్మి, తీయించాలి, లేదంటే రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది.

కోస్తాలోనే నేను దెబ్బతిన్నాను. సముద్రపు ఒడ్డున ఒక ఇంటి వరండాకు జాలీ చేసిచ్చాను. చాలా భాగం చూరు కింద ఉంది, అక్కడ వాన తగలదు, ఇంకా మంచిదే అనుకున్నాను. నాలుగో ఏటికి వానకు తడిసే భాగం కాస్త నిలబడింది, చూరు చాటున ఉన్న భాగం పొరలు పొరలుగా లేచింది. కారణం ఉప్పు. తడిసే చోట వాన దాన్ని కడిగేస్తుంది. చాటున అది పేరుకుపోతుంది, రాత్రి గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. ఆ ఇంటివారికి డబ్బు తిరిగి ఇచ్చాను. ఈ మాట అప్పుడే నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే మీకు చెబుతున్నాను.

జపాన్‌లో రంగు వేయని ఉక్కు వంతెనలకు ఒక హద్దు పెట్టుకున్నారు: వంద చదరపు సెంటీమీటర్ల మీద రోజుకు 0.05 మిల్లీగ్రాముల ఉప్పు. అంతకు మించి పడే చోట ఈ ఉక్కును రంగు లేకుండా వాడరు. బ్రిటన్‌లో ఇలాంటి వంతెనలను తీరానికి కనీసం 2 కిలోమీటర్ల దూరంలో ఉంచమంటారు. మన తీరంలో ఉక్కపోత కూడా తోడవుతుంది కాబట్టి నేను ఆ 2 కిలోమీటర్లను కూడా నమ్మను. ఒడ్డు దగ్గర 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, లేదా పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం పెట్టండి. ఆ తుప్పు రంగే కావాలంటే అదే రంగులో కోటింగ్ చేయించవచ్చు.

చోటు సరైనదే అయినా జాలీ చెడేది అడుగు భాగంలో. కింది చట్రం తొట్టిలా నీళ్లు పడితే హైదరాబాద్‌లో కూడా కుళ్లుతుంది, దానికి రంధ్రాలు పెట్టండి. నేలకు జానెడు ఎత్తున నిలపండి, తీగలు అల్లించకండి. రేకు మీద రేకు వేసి బిగిస్తే ఆ సందులో తుప్పు ఉబ్బి బోల్టులనే వంచేస్తుంది. జింకు పూత బోల్టులు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మొదటి రెండు మూడు వర్షాకాలాలు ఎర్రనీళ్లు కారతాయి, కింద గ్రానైట్ ఉంటే ఆ మరక పోదు. అక్కడ కంకర పరిచి ఉంచండి.

ఆర్డరు ఇచ్చే ముందు ఇలాంటి ముక్కను ఆ స్థలంలోనే, ఎండ తక్కువగా పడే ఉత్తరం గోడకు ఒక వర్షాకాలం వేలాడదీయండి. తరువాత సెల్లోటేపు అంటించి లాగండి. టేపుకు సన్నని పొడి అంటితే రేకు కోయించవచ్చు. పొలుసులు వస్తే ఆ ఇంటికి ఈ ఉక్కు వద్దని ఇంటివారికి చెప్పేయండి.