మందు కలిపిన కల్లు ఒక్కసారే బంద్ చేస్తే మనిషి ఎందుకు పడిపోతుండు? స్టూడియోల చర్చ

(లోకల్ ఛానెల్‌ల వచ్చిన ప్రోగ్రాం విని టైప్ చేసిన. అందరు ఒక్కసారే అరిచిన కాడ ఇడ్సిపెట్టిన, ఎవలేమన్నరో నాకే సమజ్ కాలే. పేర్లు రాయలే, ఎవరేం పని చేస్తరో అదే రాసిన.)

యాంకర్: నమస్తే. ఇయ్యాల వైన్స్ ముచ్చట కాదు, మన నిజామాబాద్, కామారెడ్డి దిక్కు సీసాలల్ల దొరికే కల్లు ముచ్చట. కల్లంటే చెట్టు మీదికెళ్లి వస్తది అంటరు గదా, మరి టౌన్‌ల గల్లీ గల్లీకి పొద్దుగాల నుంచి రాత్రి దాకా, ఎండాకాలం లేదు వానాకాలం లేదు, గంత కల్లు ఏ చెట్టు ఇస్తుందన్నా? గీత సంఘం నుంచి వచ్చిన్రు, ముందు మీరే చెప్పుండ్రి.

గీత సంఘం నాయకుడు: ఏ చెట్టూ ఇయ్యది. నేను ఈ మాట అంటే మావోళ్లే తిడ్తరు, అయినా అంట. తాటిచెట్టుకు ఒక సీజన్, ఈతచెట్టుకు ఒక సీజన్, మోకు ముస్తాదు కట్టుకుని పొద్దుగాల ఒకసారి మాపటికి ఒకసారి ఎక్కి గీస్తే లొట్టిల పడేది ఎంత? పొద్దున దించిన కల్లు మాపటికే పులుస్తది, దాన్ని ట్రాలీ ఆటోలల్ల యాభై కిలోమీటర్లు తిప్పి మూడు రోజులు అమ్ముతరంటే అది కల్లెట్లయితది? కానీ పేపర్ల ఏం రాస్తరు, గౌడోళ్లు కల్తీ కల్లు అమ్మిన్రు అని రాస్తరు. చెట్టెక్కేటోడు వేరే, డిపో నడిపేటోడు వేరే సార్. చెట్టు మీదికెళ్లి పడి నడుం ఇరిగేది మాకు, లైసెన్స్ మా సొసైటీ పేరు మీద, పైసలు ఇంకొకలకు.

యాంకర్: అంటే సొసైటీ లైసెన్స్ కిరాయికి ఇస్తున్నరన్నట్టేనా?

గీత సంఘం నాయకుడు: కొన్ని కాడ ఇస్తున్నరు. ఎందుకు ఇస్తున్నరో గది కూడా అడుగుండ్రి. 2024ల కాటమయ్య రక్షణ కవచం అని, చెట్టు మీదికెళ్లి పడకుండ కట్టుకునే కిట్లు సర్కారు ఇచ్చింది, మంచిదే, కాదన, కానీ చెట్లే లేకపోతే కిట్ కట్టుకుని కరెంటు స్తంభం ఎక్కాలెనా? ప్లాట్లు జేసి తాటివనాలన్ని కొట్టేసిన్రు.

యాంకర్: సార్, మీరు ఎక్సైజ్‌ల సీఐగా రిటైరయిన్రు. ఆ సీసల అసలు ఏముంటది?

రిటైర్డ్ ఎక్సైజ్ సీఐ: నీళ్లు, తీపికి శాక్రిన్, తెల్లగా నురగ రావడానికి ఏదో ఒకటి, ఇంక నిషా కోసం మందు. పాత రోజుల్లో క్లోరల్ హైడ్రేట్ ఎక్కువ కనపడేది, డైజోపాం కనపడేది, ఇప్పుడు అల్ప్రాజోలం, అన్నీ నిద్ర మత్తు మందులే. ఎందుకు అల్ప్రాజోలం అంటే లెక్క చూడండి, డాక్టర్లు నిద్రకు రాసే గోళీల్లో ఉండేది అర మిల్లీగ్రామ్, అంటే ఒక్క గ్రాము పౌడర్ దొరికితే రెండు వేల గోళీలతో సమానం. చిటికెడు చాలు డ్రమ్ములకు డ్రమ్ములు నడుస్తాయి, జేబులో పెట్టుకొని బస్సెక్కొచ్చు, గంజాయిలాగా వాసనా రాదు మూటలూ ఉండవు.

యాంకర్: మరి ఇంత చిన్న మొత్తానికి కేసు నిలబడుతదా?

రిటైర్డ్ ఎక్సైజ్ సీఐ: ఎందుకు నిలబడదు, ఎన్డీపీఎస్ అంటే మత్తుమందుల చట్టంలో గంజాయికి కమర్షియల్ క్వాంటిటీ, అంటే పెద్ద వ్యాపారం కింద లెక్కగట్టే బరువు, 20 కిలోలు అయితే అల్ప్రాజోలానికి 100 గ్రాములే. 100 గ్రాములు దాటితే పదేళ్లకు తక్కువ కాదు శిక్ష. అయితే మాకు దొరికేది ఎవరు, దుకాణంలో సీసాలు కడిగే పిల్లగాడు, ఆటో డ్రైవరు. పౌడర్ చేసేవాడు ఎక్కడో ఉంటాడు. 2025 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఏకంగా ఒక స్కూలు బిల్డింగ్‌లోనే అల్ప్రాజోలం తయారు చేస్తూ దొరికారు కదా, కింద పిల్లలకు క్లాసులు, పైన రియాక్టర్లు, అది మహబూబ్‌నగర్ దిక్కు కల్లు దుకాణాలకు పోతోందని తేలింది. మరి ఈ దందా నిజామాబాద్ గల్లీలో మొదలైందా చెప్పండి.

(ఇక్కడ గీత సంఘం ఆయన, సీఐ సార్ ఇద్దరు మామూళ్ల మీద గట్టిగ అరుసుకున్నరు. ఎవరికి ఎంత ముట్టేది అనే కాడికి పోయినంక యాంకర్ మైక్ కట్ చేయించిండు. చేయించకపోతే బాగుండు అనిపిచ్చింది.)

యాంకర్: అమ్మా, మీరు బీడీలు చేస్తరు కదా. ఆడోళ్లు గూడ తాగుతరు అంటే హైదరాబాదోళ్లు నమ్మరు.

బీడీ కార్మికురాలు: ఎందుకు నమ్మరు బిడ్డా, మేం దొంగతనంగ తాగుతలేం. పొద్దుగాల ఆకు నానబెట్టి, కత్తిరిచ్చి, ఇగ కూసుంటే లేసుడు లేదు. నడుం కొరుకుతది, మెడ పడతది, వేళ్ల మొనలు తంబాకుతోని నల్లగయితయి. మాపటికి ఒక సీస తాగితే నొప్పులు ఎటు పోతయో పోతయి, కన్ను మూస్తే తెల్లారుతది. మా అత్త తాగింది, మా అమ్మ తాగింది. పిలగాండ్లు ఏడుస్తే ఒక గుక్క పోసి పండవెట్టేటోళ్లు కూడా ఉన్నరు, తప్పే, కానీ ఉన్నరు.

డాక్టర్: ఒక్క నిమిషం, ఇది వినాలి. నొప్పి పోయింది, నిద్ర వచ్చింది అంటున్నారు కదా, అది కల్లు పని కాదమ్మా, అల్ప్రాజోలం పని. మీరు తాగుబోతు కాదు, మీకు తెలియకుండా ఎవరో మీకు రోజూ నిద్రగోళీలు పోస్తున్నారు. అందుకే వీళ్లని మామూలు లిక్కర్ పేషెంట్లలా చూస్తే ట్రీట్‌మెంట్ తప్పిపోతుంది.

యాంకర్: డాక్టర్ గారూ, కల్లు దుకాణాల మీద దాడులు జరగంగనే హాస్పిటళ్లు నిండుతయి, అదేంటి మరి? తాగినంక గదా పడిపోవాలె, తాగకపోతే పడిపోవుడేంది?

డాక్టర్: అదే జనానికి అర్థం కాని విషయం. రోజూ మందు పడే మెదడు దానికి అలవాటు పడిపోతుంది, ఒక్కసారిగా ఆపేస్తే రెండో రోజో మూడో రోజో వణుకు, చెమటలు, నిద్ర ఉండదు, గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, ఎప్పుడో చచ్చిపోయిన వాళ్లతో మాట్లాడతారు, తర్వాత ఫిట్స్. ఫిట్స్ ఆగకపోతే ప్రాణమే పోతుంది. 2015లో కల్తీ కల్లు మీద, గుడుంబా మీద ఒకేసారి దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ఇదే జరిగింది, జనం వందల్లో ఆసుపత్రులకు వచ్చారు, కొందరు చనిపోయారు కూడా. ఇంట్లో వాళ్లు దయ్యం పట్టిందని ఎక్కడెక్కడికో తిప్పి లేటుగా తీసుకొచ్చేవాళ్లు.

యాంకర్: 2025 ఏప్రిల్‌ల మన కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాలల్ల మెడలు వంకరపోయినయి, నాలుక తిరగలే అని వచ్చిన్రు, అది కూడా గిదేనా?

డాక్టర్: అది వేరే. అది తాగడం ఆపినందుకు కాదు, తాగినదాంట్లో ఏదో తేడా వల్ల. కొన్ని మందులు పడితే మెడ, దవడ బిగుసుకుపోతాయి. కలిపేవాడికి కొలత ఉండదు కదా, ఇవాళ ఒక డ్రమ్ములో చిటికెడు, రేపు చెంచాడు. జులైలో కూకట్‌పల్లి దగ్గర చూశారుగా, కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో డయాలసిస్ దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి.

రిటైర్డ్ ఎక్సైజ్ సీఐ: అంటే దాడులు చేయొద్దంటారా?

డాక్టర్: చేయండి, కానీ నాకు ముందు చెప్పి చేయండి! మీరు సోమవారం దుకాణాలు మూస్తే బుధవారం నా వార్డు నిండుతుంది. ఒక మండలంలో దుకాణాలు మూసేముందు పీహెచ్‌సీల్లో మందులు పెట్టాలి, డాక్టర్లకు రెండు గంటల ట్రైనింగ్ ఇవ్వాలి, మంచాలు ఖాళీ చేయాలి. కల్లు పోసేవాడి కంటే ముందు మేం ఊళ్లోకి పోవాలి. దేశం మొత్తం మీద 2019లో ఎయిమ్స్ వాళ్లు సర్వే రిపోర్ట్ ఇచ్చారు, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందని. చిన్న ఊళ్ల సంగతి ఇంక వేరే చెప్పాలా?

యాంకర్: ఫోన్ లైన్‌ల బోధన్ నుంచి ఒక తమ్ముడున్నడు. చెప్పు తమ్మీ, టీవీ సౌండ్ తక్కువ చేయి.

కాలర్: అన్నా నమస్తే, నాది కల్లు కాదన్నా, గంజాయి. చెన్నైల పని చేసేటప్పుడు పట్టింది, ఇంటికొచ్చినంక గూడ ఇడ్వలే. మా బాపు అప్పు తెచ్చి ఒక ప్రైవేట్ సెంటర్ల వేసిండు, ఆడ డాక్టరే లేడన్నా, కాళ్లకు గొలుసు కట్టి మూడు నెలలు ఉంచిన్రు, తిట్టుడు కొట్టుడే వైద్యం. బయటికొచ్చిన రోజే మల్ల తాగిన. ఇప్పుడు గవర్నమెంట్ దవాఖానకు పోదామంటే పోలీసులు పట్టుకుంటరని భయం.

డాక్టర్: గొలుసు కట్టడం నేరం, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 95వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది, ఎవరి కాళ్లకూ గొలుసు వేయకూడదని. నువ్వు కంప్లైంట్ ఇవ్వొచ్చు.

రిటైర్డ్ ఎక్సైజ్ సీఐ: బాబూ, ఎన్డీపీఎస్‌లో 64ఏ అని సెక్షన్ ఉంది. తాగే అలవాటున్నవాడు, కేసు కొద్దిపాటి సరుకుదో తాగినందుకో అయితే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కు పోతే ప్రాసిక్యూట్ చేయరు, కాకపోతే మధ్యలో వదిలేయకూడదు. అమ్మినవాడికి ఇది వర్తించదు. నువ్వు అమ్మలేదు కదా?

కాలర్: (కొంచెంసేపు ఏం మాట్లాడలే) దోస్తులకు ఇచ్చిన సార్.

యాంకర్: సరే తమ్మీ, లైన్ల ఉండు, డాక్టర్ సార్‌తోని బయట మాట్లాడిపిస్త. 14446 అని డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ ఉన్నది, రాసుకో.

బీడీ కార్మికురాలు: డాక్టర్ సాబ్, నాదొక్క ముచ్చట. మీరు వార్డుల ఇచ్చేది గూడ నిద్రగోళీయే అంటరు కదా బయట. గట్లయితే కల్లుకు దానికి ఫరక్ ఏంది?

డాక్టర్: మంచి ప్రశ్న, ఇది నన్ను డాక్టర్లు కూడా అడగరు. అవును, దాదాపు అదే జాతి మందు ఇస్తాం, డైజోపాం లాంటిది. కానీ ఎంత ఇస్తున్నామో మాకు తెలుసు, మూడు నాలుగు రోజులకోసారి కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొన్ని వారాల్లో ఆపేస్తాం, పక్కన బీ వన్ విటమిన్ ఇస్తాం, నొప్పికి నొప్పి మందు వేరే ఇస్తాం. మీ నడుంనొప్పికి వైద్యం చేయకుండా కల్లు మానమంటే మీరు మానరు, మానలేరు.

బీడీ కార్మికురాలు: నాకు కాదు, మా ఇంటాయనకు. రోజుకు ఆరేడు సీసలు. రేపు తీస్కస్త, రాత్రికి బంద్ చేపిచ్చి పొద్దుగాల తీస్కరావాల్నా?

డాక్టర్: బంద్ చేయించకండి. తాగి ఉన్నా పర్లేదు, అట్లనే తీసుకురండి. ఆధార్ కార్డు తెండి, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా గుర్తు చేసుకుని రండి, ఏ దుకాణంలో తాగుతాడో కూడా చెప్పండి. ఓపీ చీటీ తొమ్మిదింటికల్లా తీసుకోండి, పన్నెండు దాటితే నేను వార్డులో ఉంటా.

బీడీ కార్మికురాలు: దుకాణం పేరు ఎందుకు సాబ్? మల్ల మా గల్లీల లొల్లి అయితది.

డాక్టర్: పోలీసులకు కాదమ్మా, నాకు. ఒకే దుకాణం నుంచి నలుగురు వస్తే అక్కడ మందు ఎక్కువ పడుతోందని తెలుస్తుంది.

గీత సంఘం నాయకుడు: ఆ పేర్లు మాకు గూడ చెప్పుండ్రి సార్, లైసెన్స్ ఎవరి పేరు మీదున్నదో మేం చూస్తం.

యాంకర్: టైం అయిపోయింది అంటున్నరు ఇయర్‌ఫోన్‌ల. మామూళ్ల ముచ్చట వచ్చే వారం, సీఐ సార్ మల్ల వస్త అన్నరు... వస్తరు కదా సార్?

రిటైర్డ్ ఎక్సైజ్ సీఐ: చూద్దాం.