ఫోన్-ఇన్: పాత వయొలిన్ రికార్డులో శ్రుతి తప్పిందా?

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: విజయనగరం నుంచండి. మా పాప వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. పరీక్షకు జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన హంగేరియన్ డాన్స్ ఉంది. అదే డాన్స్ వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోవాకిమ్ 1903లో వాయించిన రికార్డింగ్ దొరికితే వినిపించాను. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే శ్రుతి కలవలేదు. పైగా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారిపోతున్నారు. అంత పెద్దాయన తప్పు వాయించారా మేడమ్?

నిపుణురాలు: ట్యూనర్ పక్కన పెట్టండమ్మా. అప్పట్లో రికార్డులన్నీ ఒకే వేగంతో తీయలేదు. ప్లేటు కాస్త వేగంగా తిరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఆ తేడాకు ఆయన్ను తప్పు పట్టలేం.

కాలర్: మరి ఆ జారడం?

నిపుణురాలు: అది కావాలని చేసిందే. పోర్టమెంటో అంటారు. మన జారు లాంటిదే, కానీ మనది రాగాన్ని బట్టి వస్తుంది. ఆయన గొంతుతో పాడినట్టు రెండు స్వరాలను కలుపుతున్నారు. వైబ్రాటో, అంటే స్వరాన్ని ఊపడం, చూడండి, ఎంత తక్కువో! ఇప్పటివాళ్లు దాదాపు ప్రతి స్వరాన్నీ ఊపుతారు. ఆ డాన్సులను వయొలిన్‌కు మార్చి రాసింది యోవాకిమే. బ్రామ్స్ తన వయొలిన్ కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ వాయించే పెద్ద రచన, ఆయనకే అంకితమిచ్చాడు, 1879లో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించిందీ ఆయనే. అంటే బ్రామ్స్ చెవికి అలవాటైన వయొలిన్ అదమ్మా. 72 ఏళ్ల వయసులో, మైకు లేని రోజుల్లో, రికార్డింగ్ కొమ్ము ముందు వాయించారు. ఆ గరగర వెనక నుంచి ఆయన కమాను వినపడ్డ ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కాలర్: ఆ గరగరతోనే ఇబ్బంది. పాప నిమిషం కూడా వినలేదు.

నిపుణురాలు: అయితే ముందు స్వరకర్త షూబర్ట్ బి-ఫ్లాట్ ట్రియో, 1926 నాటి రికార్డింగ్ పెట్టండి, ముగ్గురు కలిసి వాయించేది. కోర్టో పియానో, టిబో వయొలిన్, కసాల్స్ చెల్లో. అప్పటికి మైక్రోఫోన్ వచ్చేసింది కాబట్టి టిబో జారు చక్కగా తెలుస్తుంది. తర్వాత వయొలినిస్ట్ క్రైస్లర్ 1927లో రికార్డు చేసిన బ్రామ్స్ కన్చెర్టో. దాన్ని ఒక్కసారే వినక్కర్లేదు. అసలు నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత రికార్డు ఒక వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది, అప్పటివాళ్లూ ముక్కలుగానే విన్నారు. చెవి అలవాటయ్యాక మళ్లీ యోవాకిమ్ దగ్గరికి రండి.

కాలర్: పరీక్షలో పాప కూడా అలా జారాలా?

నిపుణురాలు: అనుకరించొద్దు. ముందు ఆ పాట పాడమనండి. ఆయన జారిన చోట నొటేషన్‌లో పెన్సిల్‌తో గీత పెట్టించండి. ఒక్కచోట ప్రయత్నించి టీచర్‌కు వినిపించనివ్వండి. టీచర్ వద్దంటే పరీక్షకు వద్దు. ఇంట్లో మాత్రం వాయించనివ్వండి.

కాలర్: ఈ సాయంత్రమే ట్రియో పెడతాను మేడమ్.